ఎరువు ఫోను, సొంత హక్కు: స్త్రీవాద అంతర్జాల సూత్రములు – పావగడ సీమ

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకా పటమునందు ఆంధ్రదేశములోనికి చొచ్చుకొనిపోయిన కొనవలె కనిపించును. దానికి దాదాపు మూడు ప్రక్కల ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గ ప్రాంతములు దాని పొరుగు సీమలు. జిల్లా కేంద్రమగు తుమకూరు ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరమున నున్నది. ఇచ్చటి అనేక కుటుంబముల ఇంటిభాష తెలుగు. బడిభాషయు కచేరిభాషయు కన్నడము. రెండు భాషలును ప్రజల నాలుకపై కలహము లేక కాపురము చేయుచున్నవి. వానలు తక్కువ, నేల మెట్ట, వేరుశనగ ముఖ్యమగు పైరు. ఈ శాసనసభా నియోజకవర్గము షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినది. ఇట్టి సీమలోని కూలి స్త్రీకి అంతర్జాలమునందు ఏ హక్కులు కలవు, అచ్చట ఆమెకు రక్షణ యెట్లు కలుగును అను ప్రశ్న వినుటకు వింతగా తోచవచ్చును. కాని ఆ ప్రశ్న నేడు ఆమె గడపలోనికి వచ్చి నిలిచినది.

పావగడ పేరు ఇటీవల దేశమంతట వినబడుటకు కారణము సూర్యవిద్యుత్తు. తిరుమణి, బాలసముద్రము, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల నేలపై సౌరఫలకములు పరచబడినవి. 2018 మార్చి 1న ప్రారంభింపబడిన ఈ కేంద్రము 2019 చివరకు 2,050 మెగావాట్ల శక్తిని సంతరించుకొన్నది. భూమిని కొనక, రైతులకు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు మొదటి కౌలుగా నిర్ణయించి తీసికొనిరి. భూమి గల రైతునకు ఇది వాననమ్మని రాబడి. కాని ఆ చేలలో కలుపు తీసి, కాయ కోసి బ్రతికిన భూమిలేని స్త్రీకి కౌలు లేదు; ఫలకముల క్రింద చేను పోయినపుడు దానితో కూలియు పోయినది. చేనిలో ఆమెకు తెలిసిన లెక్క తొలగి, ఫోనులో ఆమెకు తెలియని లెక్క వచ్చినది.

ఆ లెక్క యెట్టిదో చూడవలెను. చౌకధరల దుకాణమున బియ్యమునకు వేలిముద్ర కావలెను. కర్ణాటక ప్రభుత్వము 2023 ఆగస్టు 30న ప్రారంభించిన గృహలక్ష్మి పథకమున, రేషను కార్డులో ఇంటి యజమానురాలుగా నమోదైన స్త్రీకి నెలకు 2,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో చేరును. చేరిన వార్త ఫోనునకు వచ్చును. ఉపాధి హామీ పనులయందు, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, 2023 జనవరి 1 నుండి కూలీల హాజరును రోజునకు రెండుమార్లు ఛాయాచిత్రముతో ఫోను ద్వారా నమోదు చేయుట తప్పనిసరి చేయబడినది. అనగా ఈ స్త్రీ అంతర్జాలమును వాడుటకు ముందే ఆమె వ్రేలు, ఆమె ముఖము, ఆమె పేరు అంతర్జాలములో ప్రవేశించినవి. ఆమె అందు నివసించుచున్నది. కాని ఆ యింటి తాళపుచెవి ఆమె చేతిలో లేదు.

ఈ దశలో స్త్రీల పక్షమున వెలువడిన వ్రాతలలో ముఖ్యమైనది స్త్రీవాద అంతర్జాల సూత్రములు అను ప్రకటన. 2014 ఏప్రిలులో మలేషియాలో పలు దేశముల స్త్రీవాదులు, లైంగిక హక్కుల కార్యకర్తలు, అంతర్జాల హక్కుల కార్యకర్తలు సమావేశమై దీనికి రూపమిచ్చిరి. ప్రగతిశీల సమాచార సంఘముల అంతర్జాతీయ కూటమి ఏపీసీ ఆ సమావేశమును ఏర్పాటు చేసినది. తరువాత సవరింపబడిన పాఠమున 17 సూత్రములు గలవు. అందుబాటు, ఉద్యమములు, ఆర్థికవ్యవస్థ, భావప్రకటన, స్వీయదేహముపై అధికారము అను ఐదు వర్గములుగ అవి కూర్పబడినవి. సమ్మతి, ఆంతరంగికత, అజ్ఞాతత్వము, స్మృతి, హింస అను విషయములు చివరి వర్గమున చేరినవి.

ఈ ప్రకటన గొప్పదనమును మొదట గుర్తింపవలెను. అంతకుముందు అంతర్జాలమున స్త్రీల విషయమై వెలువడిన మాటలలో అధికభాగము రెండు తెగలవి. ఒకటి, స్త్రీకి యంత్రము నేర్పినచో ఉద్ధరణ కలుగునను వాదము. రెండవది, యంత్రము ప్రమాదకరము గనుక స్త్రీని దానినుండి కాపాడవలెనను వాదము. మొదటిదానికి ఆమె విద్యార్థిని, రెండవదానికి ఆమె పసిపాప. సూత్రకర్తలు ఈ రెంటిని త్రోసిపుచ్చి, అంతర్జాలము బజారువలె, చావడివలె ఒక బహిరంగస్థలమనియు, అచ్చట స్త్రీ తన కోర్కెతో, తన మాటతో, తన రాజకీయముతో నిలుచుటకు అర్హురాలనియు ప్రతిపాదించిరి. అచ్చటి హింస బయటి సమాజమునందలి హింసకు కొనసాగింపే గాని వేరు జాతి కాదని కూడ వారు గ్రహించిరి. మన దేశానుభవము దీనిని బలపరచుచున్నది. 2019 ఎన్నికల కాలమున 95 మంది స్త్రీ రాజకీయనాయకులను ప్రస్తావించిన 1,14,716 ట్వీట్లను ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఇండియా పరిశీలించి 2020లో వెల్లడించిన నివేదికలో, ఇంచుమించు ప్రతి ఏడింట ఒకటి నొప్పించునదిగనో దూషించునదిగనో తేలినది. అణగిన కులముల స్త్రీలకు కులదూషణ ఇతరులకంటె 59 శాతము అధికముగ తగిలినది. వీథిలోని కులము తెరమీదను కులమే.

ఇంతవరకు ప్రశంస. విమర్శ మొదలగునది సూత్రములు ఊహించుకొన్న స్త్రీయొద్ద. సూత్రము వెంబడి సూత్రము చదివినపుడు ఒక స్త్రీమూర్తి కన్నులకు కట్టును. ఆమెకు తన ఫోను గలదు, దానికి తన సంకేతపదము గలదు, తన పేర ఖాతా గలదు. ఆమె సమ్మతి నిచ్చునపుడు తానొక్కతెయే ఇచ్చును. మరుగున నుండగోరినపుడు తానే పేరు దాచుకొనును. ఈ స్త్రీ లేనిది కాదు. బెంగుళూరులో, హైదరాబాదులో, విదేశములందు కోట్ల సంఖ్యలో నున్నది. పావగడలోని చదువుకొన్న పడుచులందును ఉన్నది. కాని కూలి స్త్రీలలో ఆమె అరుదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల గ్రామీణ స్త్రీలలో తాము స్వయముగ వాడుకొను ఫోను గలవారు 46.6 శాతము మాత్రమే. ఎన్నడైనను అంతర్జాలమును వాడిన స్త్రీలు కర్ణాటకమున 35.0 శాతము, తెలంగాణమున 26.5 శాతము, ఆంధ్రప్రదేశమున 21.0 శాతము. పురుషులలో ఈ సంఖ్యలు వరుసగా 62.4, 57.4, 48.8. ఫోను లేని స్త్రీకి ఫోనుతో పని లేదనుట పొరపాటు. ఆమె భర్త ఫోనును, కొడుకు ఫోనును, పొరుగింటి ఫోనును ఎరువు తెచ్చుకొనును. ఎరువు నగ పెండ్లినాడు మెడలో వెలుగును. మరునాడు తిరిగి ఈయవలెను. పోయినచో అప్పు మిగులును. ఎరువు ఫోను ధర్మమును అంతియే.

ఎరువు ఫోనును నడుమ నిలిపి సూత్రములను మరల చదివినచో వాటి అర్థము మారును. అజ్ఞాతత్వమును చూడుడు. పేరు దాచుకొను స్వేచ్ఛ పీడితులకు కవచమని సూత్రకర్తల యభిప్రాయము, అది సత్యము. కాని సిమ్ము భర్త పేర నున్న స్త్రీకి దాచుటకు పేరే లేదు. ఆమెకు దక్కినది అజ్ఞాతత్వము కాదు, అనామకత్వము. మొదటిది కోరి వేసికొన్న ముసుగు. రెండవది ఇతరులు కప్పిన దుప్పటి. సమ్మతియు నిట్టిదే. పనిచోట మేస్త్రీ ఫోను ఎత్తి వరుసలో నిలిచిన స్త్రీల చిత్రమును తీసినపుడు, వలదన్న కూలి పోవును. కూలి పోవునను భయముతో పలికిన సరే సమ్మతి యగునా? ఈ ప్రశ్నకు సూత్రములలో బీజము గలదు గాని, ఉదాహరణములు ప్రేమవ్యవహారములనుండియు సంస్థల షరతులనుండియు తోచునంత సులభముగ కూలిపనినుండి తోచవు.

ఆంతరంగికత విషయమున చిక్కు మరింత లోతైనది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో ఆంతరంగికతను ప్రాథమికహక్కుగ ప్రకటించినది. అది ముఖ్యముగ ప్రభుత్వమునుండి పౌరునకు కలుగు రక్షణ. ఎరువు ఫోను వాడు స్త్రీకి మొదటి కాపలాదారు ప్రభుత్వము కాదు, ఇల్లు. ఇంటిలోపల స్త్రీకి ఆంతరంగికత కలదా అను ప్రశ్నను తెలుగుదేశపు న్యాయస్థానమే ముందుగ ఎత్తినదని ఇచ్చట స్మరింపదగును. 1983లో సరిత కేసున ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తి పి. ఏ. చౌదరి, భార్యను కాపురమునకు బలవంతముగ రప్పించు హిందూ వివాహచట్టపు 9వ సెక్షను ఆమె ఆంతరంగికతకు భంగకరమని కొట్టివేసెను. మరుసటి సంవత్సరము సరోజరాణి కేసులో సుప్రీంకోర్టు ఆ మతమును అంగీకరింపలేదు. తీర్పు నిలువకపోయినను అందలి చూపు నిలిచినది: గడప లోపలను స్త్రీ ఒక వ్యక్తి. అంతర్జాలహక్కుల వాఙ్మయము ప్రభుత్వమును, వ్యాపారసంస్థలను ప్రశ్నించినంత తీక్ష్ణముగ ఇంటిని ప్రశ్నింపనిచో, పావగడ స్త్రీకి ఆంతరంగికత పుస్తకములోని మాటగానే మిగులును.

ఇక రక్షణ. చట్టములు లేకపోలేదు. 2000 నాటి సమాచార సాంకేతికచట్టమున రహస్యాంగముల చిత్రములను తీయుట, పంచుట 66ఇ సెక్షను క్రిందను, అశ్లీలప్రసారము 67, 67ఎ సెక్షనుల క్రిందను శిక్షార్హములు. స్త్రీని చాటుగా చూచి చిత్రించుట, వెంబడించుట 2013లో శిక్షాస్మృతిలో చేరి, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత 77, 78 సెక్షనులైనవి. 2019 ఆగస్టు 30 నుండి జాతీయ ఫిర్యాదు ద్వారము గలదు. 2021 నియమములు నగ్నచిత్రములను, మార్చిన బొమ్మలను గూర్చి బాధితురాలు తెలిపిన పిమ్మట త్వరగా తొలగించు బాధ్యతను సంస్థలపై మోపినవి. కాని సమాచార సాంకేతికచట్టపు నేరములను దర్యాప్తు చేయు అధికారము ఆ చట్టపు 78వ సెక్షను ప్రకారము ఇన్‌స్పెక్టరునకు తగ్గని అధికారికే గలదు. సాక్ష్యమునకై ఫోనును పోలీసులు స్వాధీనపరచుకొందురు. అది ఇంటికంతకు ఒకే ఫోనైనచో, ఫిర్యాదు చేసిన స్త్రీ తన బాధతోపాటు ఇంటివారి బ్యాంకువార్తను, కొడుకు పాఠమును, వలసపోయిన భర్త పలుకును పోగొట్టినదను నింద మోయవలెను. సందేశములను భద్రపరచుమను హితవు సైతము ఆమెకు చెల్లదు. ఫోను ఎవరిదో వారు వాటిని తుడిచివేయగలరు.

కులదూషణ విషయమున చట్టము మరొక సందేహములో పడినది. షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టము బహిరంగదృష్టిలో జరిగిన దూషణను శిక్షించును. నాలుగు గోడల నడుమ, బయటివారెవ్వరును లేనిచోట పలికినది బహిరంగదృష్టి క్రిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. అంతర్జాలమున నుంచిన దూషణను ఎవరు ఎప్పుడు చూచినను బాధితురాలి యెదుట పలికినట్లే యని 2022లో కేరళ ఉన్నతన్యాయస్థానము తీర్మానించినది. అట్లయిన ఒక ఊరివారి వాట్సాపు గుంపు నాలుగు గోడలా, రచ్చబండయా? పల్లెలో జరుగు అవమానమునకు చిక్కుముడి ఇచ్చటనే యున్నది. పాశ్చాత్యదేశపు చర్చలలో కులము లేదు గనుక ఈ ప్రశ్నయు రాదు. దీనిని మన విమర్శకులే లేవదీయవలెను.

రక్షణ పేర జరుగు మరొక అన్యాయమును మరువరాదు. 2016లో గుజరాతునందలి మెహసాణా జిల్లా సూరజ్ గ్రామమున పెండ్లికాని బాలికలు ఫోను వాడరాదని కట్టడి చేసి, మీరినవారికి 2,100 రూపాయల జరిమానా విధించిరి. కేరళమున కోజికోడు సమీపపు కళాశాల వసతిగృహమున సాయంకాలము ఫోను వాడుటపై నిషేధమును ఎదిరించి బహిష్కృతయైన ఒక విద్యార్థిని పక్షమున 2019 సెప్టెంబరు 19న ఆ రాష్ట్ర ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పి, అంతర్జాలపు అందుబాటు విద్యాహక్కులోను ఆంతరంగికతలోను భాగమనెను. ఈ రెండు ఘటనలకు నడుమ మన పల్లె లెన్నో గలవు. బాలికకు చెడుసందేశము వచ్చినచో ఆమె చేతినుండి ఫోను లాగికొనుట మన ఇండ్లలో సర్వసాధారణమగు చికిత్స. తప్పు చేసినవాడు వీథిలో తిరుగును. తప్పు భరించినది లోపలికి పోవును. రక్షణయను మాటకు ఈ అర్థమును అంగీకరించినంత కాలము హక్కుయను మాటకు అర్థము లేదు.

ఇక భాష. పావగడ స్త్రీ బాధను తెలుగులో పడును; అర్జీని కన్నడములో వ్రాయించుకొనవలెను; యంత్రము అడుగు షరతులు తరచుగ ఆంగ్లమున నుండును. ప్రతి మెట్టుకు ఒక మధ్యవర్తి. మధ్యవర్తి సాధారణముగ పురుషుడు. అవమానమును తన నోట చెప్పుకొనలేనిది మూడవవాని నోట చెప్పించుకొనునా? మన రాజ్యాంగపు 350వ అధికరణము, కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను తన బాధను నివేదించుకొనుటకు ప్రతివ్యక్తికి అధికారము నొసగినది. భాషారాష్ట్రములు ఏర్పడిన 1956లో ఏడవ సవరణ ద్వారా భాషాల్పసంఖ్యాకుల పిల్లల ప్రాథమికవిద్యకును, ప్రత్యేకాధికారి నియామకమునకును 350ఎ, 350బి అధికరణములు దాని వెంట చేరినవి. సరిహద్దు తెలుగువారు ఈ అధికరణములను బడుల విషయమున తలచినంతగ పోలీసుఠాణా విషయమున తలచలేదు. తెలుగులో ఇచ్చిన సైబరు ఫిర్యాదును తీసికొనుట కన్నడమునకు అపచారము కాదు, రాజ్యాంగమునకు విధేయత.

విమర్శ లోపములను చూపి ఊరకుండరాదు. తెలుగునేలపై దీనికి దారి చూపిన అనుభవమొకటి గలదు. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళితస్త్రీలు మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ప్రారంభించిరి. ధ్వనితరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినను, స్వచ్ఛందసంస్థలకు సముదాయ రేడియో అనుమతి లభించుటకు 2006 నాటి విధానము వరకు వేచియుండవలసివచ్చెను. ఆ స్టేషను ఇచ్చిన పాఠము మూడు విధములు. యంత్రము ఏ ఒక్కతెదియు కాదు, సంఘముది. కనుక ఏ భర్తయు దానిని లాగికొనలేడు. వాడుక అక్షరముతో కాక గొంతుతో. కనుక చదువు రాకపోవుట అడ్డు కాలేదు. పలికినది ఆ సీమ తెలుగు; కనుక మధ్యవర్తి అక్కరలేకపోయెను. తుమకూరు జిల్లాలోనే దేవరాయనదుర్గ ప్రాంతపు పల్లెలలో జనస్తు అను సంస్థ స్థానిక వైఫై వలయమును నెలకొల్పి, చదువు తక్కువగలవారు గొంతుతోను బొమ్మలతోను సమాచారమును దాచుకొను ప్రయత్నము చేయుచున్నది. పావగడకు ఇవి దూరపు కలలు కావు.

కాని సంఘమును దైవముగ కొలుచుట మరొక పొరపాటు. సంఘమునందును కులము గలదు, అప్పులెక్క గలదు, చాడీ గలదు. ఒకతె బాధను గుంపులో చెప్పుకొన్నచో అది మరునాటికి ఊరెల్ల ప్రాకవచ్చును. సంఘపు కన్ను ఒక్కొక్కపుడు ఇంటి కన్నుకంటె పదునైనది. కనుక యంత్రము ఉమ్మడిదైనను రహస్యము ఒక్కతెదిగానే యుండవలెను. ఇచ్చటనే మలేషియా సూత్రముల విలువ మరల తెలియును. సంఘము ఇచ్చు బలమును ఆ సూత్రములు చాలినంతగ చూడలేదు. వ్యక్తికి కావలసిన మరుగును సంఘములు చాలినంతగ చూడలేదు. రెంటిని కలిపిననాడే ఎరువు ఫోనుపై సొంత హక్కు సాధ్యమగును.

అట్టి కలయికకు కొలబద్దలు మూడు. ఒకటి, అంతర్జాలరక్షణకై చెప్పు ఏ హితవైనను, ఏ నియమమైనను, ఫోను సొంతముగ లేని స్త్రీ దానిని పాటింపగలదా అని పరీక్షింపవలెను; పాటింపలేనిచో అది ఉన్నవారి శాస్త్రము. రెండు, ఫిర్యాదు పర్యవసానముగ ఆమె ఫోనునకు దూరమైనచో, దోషికి శిక్ష పడినను, న్యాయము సగమే జరిగినదని గ్రహింపవలెను. మూడు, ఆమె తన బాధను తన భాషలో, తన గొంతుతో, స్త్రీ యెదుట చెప్పుకొను చోటు తాలూకా కేంద్రమున నుండవలెను. నూరు కిలోమీటర్ల అవతల కాదు.

వీటిలో కొన్ని ప్రభుత్వపు పనులు, కొన్ని తెలుగు సంఘముల పనులు. ఎల్లలకు బయటనున్న తెలుగువారు భాషాభిమానమును ఉగాది కవిసమ్మేళనములలోను పద్యపఠనములలోను చక్కగ చాటుకొనుచున్నారు. ఆ అభిమానములో కొంత సైబరు ఫిర్యాదునకు తెలుగు నమూనాను వ్రాయుటలో, అంతర్జాలహక్కులను సీమ తెలుగున చదివి వినిపించుటలో, ఠాణాకు తోడుగ పోవుటలో వినియోగపడిన భాషకును మేలే. రేషను కార్డు ఆమెను ఇంటి యజమానురాలని వ్రాసికొన్నది. ఆమె పేర వచ్చు రెండువేల రూపాయల వార్తను ఆమెకు మరొకరు చదివి చెప్పుచున్నంత కాలము ఆ యజమాన్యము కాగితముమీదిదే.